గట్టు ఎత్తు ఎవరిది?

గ్రానైటు రంగు ఏది కావాలో మనల్ని అడుగుతారు. నలుపా, గులాబీ చుక్కలదా అని నమూనా ముక్కలు తెచ్చి చూపిస్తారు. వంటగట్టు ఎత్తు మాత్రం ఎవరూ అడగరు. ఆ అంకె మేస్త్రీ చేతిలో ముందే ఉంటుంది. మా మేస్త్రీది 34 అంగుళాలు.

అడగాల్సింది దాన్నే. రంగు కంటికి అలవాటైపోతుంది, ఎత్తు భుజానికి అలవాటవదు. పైగా మన గట్టు బల్లలాంటిది కాదు, జరపడానికి. గోడలో అంగుళం, అంగుళంన్నర లోతు గాడి కొడతారు. కింద కడప బండలు నిలువుగా నిలబెట్టి, వాటి మీద సిమెంటు పరిచి, పలక అంచుని గాడిలోకి తోసి, రసమట్టం పెట్టి చూస్తారు. పైన టైల్సు పడితే ఆ అతుకు కూడా కనబడదు. ఇక ఇల్లున్నంత కాలం అది అంతే.

అమెరికాలో మా చెల్లెలి ఇంట్లో పలక చెక్క అల్మారాల మీద సిలికాన్ జిగురుతో కూర్చుంటుంది. అక్కడ మామూలు ఎత్తు 36 అంగుళాలు. తనూ నాలాగే ఐదడుగులకి అంగుళం తక్కువ. చపాతీలు ఒత్తాలంటే పీట ఎక్కుతుంది!

1926లో ఫ్రాంక్‌ఫర్ట్ ఇళ్లకి వంటిల్లు గీసిన మార్గరెటె ష్యుట్టె-లిహోట్స్కీ కిటికీ పక్కన కూర్చుని పనిచేసుకునే బల్ల పెట్టింది. మన అమ్మలు కత్తిపీట ముందు కూర్చునే తరిగారు. గట్టు వచ్చాక మనం లేచి నిలబడ్డాం, దాన్నే సుఖం అన్నారు.

నిటారుగా నిలబడి మోచెయ్యి మడిస్తే, నేల నుంచి నా మోచేతికి 37 అంగుళాలు. తరగడానికి, పిండి కలపడానికి నాలుగంగుళాలు కిందకి, అంటే 33. కానీ పొయ్యే ఐదంగుళాలుంటుంది, దాని మీద కుక్కరు. అక్కడ గట్టు 28 ఉంటేనే నా చెయ్యి భుజం దాకా లేవకుండా గరిట తిరుగుతుంది.

ఇక సింకు. అందులో గిన్నెలు తోమేది నేను కాదు. మా ఇంట్లో పనిచేసే ఆమె నాకన్నా జానెడు పొడుగు. అడిగితే, "సింకు అడుగు లోతుకుంటది గదా అక్కా, వంగి వంగి నడుము పోతది" అంది. ఆమెని నిలబెట్టి కొలిచాం. సింకు అడుగు ఎనిమిదంగుళాల లోతు కాబట్టి అంచు 38 దగ్గర ఉండాలని తేలింది.

"మూడు ఎత్తులా? మెట్లు కట్టమంటారా అమ్మా? సారుతో ఒకమాట..." అన్నాడు మేస్త్రీ. సారు వండరు, తోమరు అన్నాను. పలక కోతలు పెరిగాయి, కూలి పెరిగింది, ఇంట్లో సణుగుడూ పెరిగింది. గోడ మీద పెన్సిలుతో మూడు గీతలు గీయించాను. గాడి ఆ గీతల మీదే కొట్టారు.

ఆమె పనిచేసే మిగతా నాలుగిళ్లలో సింకులు ఎప్పుడో గోడలోకి దిగిపోయాయి.