కరాటే మన పిల్లలకు ఎందుకు?

హాస్టల్లో ఉన్నప్పుడు మేం కొందరం కరాటే నేర్చుకున్నాం. ఇప్పుడు సెలవులకు ఊరికొచ్చినప్పుడల్లా మన నెల్లూరు తీరంలో, కాలనీ పిల్లలకు ఇసుకలోనే నేర్పుతున్నాం. వాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే: "అన్నా, కులం పేరు పెట్టి తిట్టినోణ్ణి ఒక్కటి పీకకూడదంటే ఈ కరాటే ఎందుకు?"

ఆ ప్రశ్నలో కోపం ఉంది, న్యాయమూ ఉంది. రొయ్యల గుంటల దగ్గర ఏదైనా పోతే ముందు ఎవరి గుడిసె వెతుకుతారో మనకు తెలుసు. అందుకే జవాబు కొంచెం నిదానంగా చెప్తాం.

ముందు ఈ విద్య ఎవరిదో చూద్దాం. కరాటే పుట్టింది ఒకినావా దీవిలో. ఒకప్పుడు అది ర్యూక్యూ అనే చిన్న రాజ్యం. 1609లో జపాన్‌లోని సత్సుమా దొరలు దండెత్తి లొంగదీసుకున్నారు. 1879లో జపాన్ పూర్తిగా కలిపేసుకుంది. ఆ దీవిలో పుట్టిన బడిపంతులు గిచిన్ ఫునకోషి 1922లో టోక్యో పోయి ఈ విద్యను చూపించాడు. చిన్న దీవి మనుషుల విద్య అట్టా లోకానికి తెలిసింది.

'కర' అంటే మనకు చెయ్యి అని తోస్తుంది. జపాన్ భాషలో మాత్రం 'కర' అంటే ఖాళీ, 'తె' అంటే చెయ్యి. అంతకుముందు ఇదే మాటను 'చైనా చెయ్యి' అని అర్థమొచ్చే అక్షరాలతో రాసేవాళ్ళు. ఫునకోషి 'ఖాళీ' అనే అక్షరాన్ని ఎంచుకున్నాడు. చేతిలో ఆయుధం లేదని ఒక అర్థం, మనసులో పగా స్వార్థమూ ఖాళీ చేసుకోవాలని ఇంకో అర్థం. చివర 'దో' అని చేర్చారు, అంటే దారి.

ఖాళీ చేతుల పనితనం మనకు కొత్తేం కాదు. పులికాట్ సరస్సులో మన యానాదుల పెద్దలు వల లేకుండా, నీళ్ళలో చేతులతో తడుముతూ రొయ్యలు పడతారు. బొరియలో ఎండ్రకాయ ఎటు తిరిగి ఉందో వాళ్ళ వేళ్ళకు తెలుస్తుంది. తొందరపడితే కరుస్తుంది, భయపడితే చేతికి రాదు. కరాటేలో ఏళ్ళ తరబడి నేర్పేదీ ఆ నిదానమే.

ఇక తిట్టినోడి సంగతి. ముందు చెయ్యెత్తేది మనం కాకూడదని ఫునకోషి గట్టిగా చెప్పాడు. కొత్తవాళ్ళకు నేర్పే హేయాన్ షోదాన్ అనే కటా కూడా దెబ్బతో మొదలవదు, కాచుకోవడంతో మొదలవుతుంది.

మన విషయంలో దీనికి ఇంకో కారణం ఉంది. 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే దొంగలన్న ఆ ముద్ర మన యానాదుల మీదా పడింది. మన నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారు దాని మీద పోరాడారు. 1952లో చట్టం పోయింది గానీ ముద్ర కొందరి కళ్ళల్లో ఇంకా ఉంది. మనవాడు ముందు చెయ్యెత్తితే ఆ కళ్ళకు సాక్ష్యం దొరికినట్టే. అసలు తిట్టినోడి తప్పు ఎవరికీ కనపడదు.

అట్లని నోరు మూసుకోమని మేం చెప్పం. ఒంటి మీదకొస్తే గట్టిగానే కాచుకోవాలి. తిడితే ఎవరు, ఎక్కడ, ఎవరి ముందు తిట్టారో రాసిపెట్టుకోవాలి. 1989 నాటి అట్రాసిటీ చట్టం మనకోసమే ఉంది. కోపంతో వణికే చెయ్యి ఫిర్యాదు రాయలేదు. ఆ వణుకు ఆపుకోవడమే ఈ విద్యలో అసలు గెలుపు.

మాకు అన్నిటికన్నా నచ్చింది 'రే', అంటే వంగి పెట్టే నమస్కారం. వంగడం మన తాతలకు బాగా అలవాటు. గుంట ఓనరు ముందు వంగారు, ఆఫీసు గుమస్తా ముందు వంగారు. ఎదుటివాడు మాత్రం ఎప్పుడూ తిరిగి వంగలేదు. కరాటేలో ఇద్దరూ వంగాల్సిందే. నేర్పేవాడు కూడా నేర్చుకునే పిల్లకు వంగుతాడు.

మా దగ్గరకొచ్చిన ఒక చెల్లి, మొదటిరోజు మేం తిరిగి వంగితే, ఎవరికి పెడుతున్నారా అని వెనక్కి తిరిగి చూసింది. ఇప్పుడు చూడదు, మన కళ్ళలోకి చూసి వంగుతుంది. మీ ఊళ్ళో ఎవరైనా కరాటే నేర్పుతుంటే, బెల్టు రంగు కన్నా ముందు పిల్లలకు ఇది నేర్పమని అడగండి.