మిట్టీలోంచి వచ్చే ఆవాజ్

'నెమ్మదిగా కుళ్లిపోతున్నాం.' ఒక పాటల ఆల్బమ్‌కి పెట్టుకున్న పేరిది. ఇంగ్లీషులో 'స్లోలీ వుయ్ రాట్'. పాడిన బ్యాండ్ పేరు ఒబిచ్యువరీ, అంటే పేపర్లో వేసే ఇంతెఖాల్ కబురు. 1989లో అమెరికాలోని ఫ్లోరిడా నుంచి వచ్చింది. ఈ తరహా మ్యూజిక్‌ని డెత్ మెటల్ అంటారు. యాభై దాటి, గడ్డం నెరిసి, ఐదు పూటలా నమాజుకి నిలబడే మనిషికి ఇదేం షౌఖ్ అని మీలో కొందరు అడుగుతారు. మా ఇంట్లో ఎప్పుడో అడిగేశారు.

వినని వాళ్ల కోసం నాలుగు మాటలు. గిటార్ల శ్రుతిని బాగా కిందికి దించి శబ్దాన్ని బురదలా చిక్కగా చేస్తారు. డ్రమ్ములు ఒళ్లు తెలియనంత జోరుగా కొడతారు. గొంతు పాడదు, పొట్టలోంచి గుర్రుమంటుంది. 1987లో ఫ్లోరిడా కుర్రాడు చక్ షుల్డినర్ తన 'డెత్' బ్యాండ్‌తో 'స్క్రీమ్ బ్లడీ గోర్' తెచ్చాడు. దారి వేసినవాళ్లలో అతనొకడు. తర్వాత టాంపా ఊళ్లోని మోరిసౌండ్ స్టూడియో ఈ మ్యూజిక్‌కి కార్ఖానా అయిపోయింది. మార్బిడ్ ఏంజెల్ వాళ్ల 'ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్' 1989లో అక్కడిదే. ఒబిచ్యువరీ ఆల్బమ్ కూడా అక్కడిదే. మిగతావాళ్లు ఎవరు ఎక్కువ జోరు అని పోటీ పడుతుంటే, వీళ్లు ఉన్నట్టుండి నెమ్మదిస్తారు. స్విట్జర్లాండ్ బ్యాండ్ సెల్టిక్ ఫ్రాస్ట్ నుంచి నేర్చిన గుణమది. బండి బురదలో దిగబడినట్టు పాట ఒక్కసారిగా బరువెక్కుతుంది. అసలు ఖౌఫ్ ఆ నెమ్మదిలోనే ఉంది.

నాకా మోత కొత్త కాదు. కైకలూరులో చేపల ప్యాకింగ్ యార్డులో లెక్కలు రాసే పని నాది. రాత్రిళ్లు ఐసు దిమ్మల్ని క్రషర్లో వేస్తే, దిమ్మ పళ్ల మధ్య పడి విరిగే చప్పుడు దాదాపు ఆ గిటార్లదే. బొచ్చెలు, శీలావతులు ట్రేల్లో సర్ది, పైన ఐసు పొడి పోసి హౌరాకి, గౌహతికి లారీలెక్కిస్తారు. చూడబోతే మా కారోబార్ మొత్తం కుళ్లుతో పరుగు పందెం. ఐసు తగ్గితే సరుకు పోయింది, సరుకు పోతే రోజీ పోయింది. కొల్లేటి కథా అంతే. బుడమేరు, తమ్మిలేరు పై ఊళ్ల మురుగునీ చేల మందునీ తెచ్చి పోస్తాయి, సముద్రంలోకి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటి. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ లిస్టులో చేర్చారు, 2006లో చెరువుల గట్లు కొట్టించారు. నీళ్ల వాసన మాత్రం మాకు తెలుసు. ఈ సరస్సు పక్కన పెరిగినవాడికి ఆ ఆల్బమ్ పేరు వింతగా ఏం అనిపిస్తుంది?

ఇక గొంతు సంగతి. జాన్ టార్డీ పాడితే, అతని సొంత తమ్ముడు డొనాల్డ్ డ్రమ్స్ కొట్టాడు. ఈ ఆల్బమ్‌లో చాలాచోట్ల జాన్ నోట్లోంచి వచ్చేవి మాటలే కావు, నోటికొచ్చిన శబ్దాలు. ఖవ్వాలీలో మనకి కలామ్ ముఖ్యం. సినిమా పాటకీ నాలుగు మంచి మాటలు కావాలి. ఇక్కడ కలామ్ లేదు, ఉత్త ఆవాజ్. మొదట్లో నాకది కుర్రతనంగా తోచింది.

మూడేళ్ల కింద మా అబ్బాజాన్ ఇంతెఖాల్ అయ్యారు. గుసుల్ ఇచ్చినవాళ్లలో నేనొకణ్ని. రేగాకు వేసి కాచిన నీళ్లు, కుడివైపు నుంచి మొదలు, చివరి నీళ్లలో కాఫూర్. చంక కింద కడగడానికి ఆయన చెయ్యి ఎత్తాను. ఎంత బరువుందో. బక్కపలచని మనిషి, ఆఖరి నెలల్లో ఎముకలే మిగిలాయి, అయినా అంత బరువు. పుర్సాకి వచ్చినవాళ్లు సబర్ చెప్పారు, జన్నత్ కోసం దువా చేశారు. నేను మనస్ఫూర్తిగా ఆమీన్ అన్నాను. కానీ ఆ చేతి బరువు గురించి ఎవరితో ఏమని చెప్పాలి? దానికి మాట లేదు. సినిమా పాటల్లో చావొస్తే వయొలిన్లు మోగుతాయి, చావు అందంగా అయిపోతుంది. ఆ రోజుల్లో అవి వినలేకపోయేవాణ్ని.

ఈద్‌కి ఇంటికొచ్చిన మా పెద్దోడు ఒక రాత్రి యార్డుకి తోడొచ్చాడు. ఏం వింటున్నావని ఇయర్‌ఫోన్ ఒకటి లాక్కున్నాను. ఆ గొంతు మాటల్ని వదిలేసి ఉత్త అరుపైన చోట, నా చేతికి అబ్బాజాన్ చెయ్యి మళ్లీ తగిలింది. ఏడుపు రాలేదు. ఊపిరి ఆడింది. ఓదార్చకుండా, అందం చెయ్యకుండా, ఉన్నది ఉన్నట్టు ఒప్పుకునే శబ్దం ఒకటి దునియాలో ఉందని తెలిసింది.

మా బేగమ్ దానికి 'జిన్నుల గానా' అని పేరు పెట్టింది. "ఎవరి పీకో నొక్కుతున్నట్టుంది, బర్కత్ పోతుంది ఇంట్లోంచి" అంటుంది. ఆమె మాట కొట్టిపారెయ్యను. వాయిద్యాలే హరామ్ అనే ఉలమాలు ఎందరో ఉన్నారు. ఇమామ్ ఘజాలీ తన 'ఇహ్యా'లో సమా మీద ఏకంగా ఒక కితాబే రాశారు, నిజమే. కానీ ఆయన మాట్లాడింది అల్లాహ్ వైపు నడిపించే సమా గురించి. ఫ్లోరిడా కుర్రాళ్ల కేసుకి ఆయన్ని వకీలుగా నిలబెట్టే హిమ్మత్ నాకు లేదు. ఫత్వా అడగలేదు, మీకూ ఇవ్వను. ఒకటి మాత్రం గట్టిగా చెబుతా. ఈ మ్యూజిక్‌లోనే నరికిన శవాల బొమ్మలు అట్టల మీద వేసి అమ్ముకునే బ్యాండ్లున్నాయి. వాటిని నేను ముట్టను. గుసుల్ ఇచ్చిన చేతులు మయ్యత్ హుర్మత్‌ని తమాషా కానివ్వవు.

ఒబిచ్యువరీ వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. వాళ్ల పాట మిట్టీలో ఆగిపోతుంది. మనకి ఖబర్ ఒక మంజిల్, ఆ తర్వాత హషర్ ఉంది, హిసాబ్ ఉంది. వాళ్లు చెప్పేది సగం. ఆ సగాన్ని మాత్రం నిజాయితీగా చెబుతారు. బ్యాండ్‌కి 'డెత్' అని పేరు పెట్టుకున్న ఆ చక్ షుల్డినర్ 2001లో బ్రెయిన్ క్యాన్సర్‌తో పోయాడు, 34 ఏళ్లకే. అతను కూడా తర్వాతి ఆల్బమ్‌లలో నెత్తుటి కథలు వదిలేసి, మనిషి బతుకు గురించి రాసుకున్నాడు.

మావాడికి ఇప్పుడు హైదరాబాద్ బ్యాండ్ ఒకటి పిచ్చి. పేరు గాడ్‌లెస్. 2016లో మొదటి చిన్న రికార్డు, 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అని పూర్తి ఆల్బమ్ తెచ్చారు. పేరు వినగానే అస్తగ్‌ఫిరుల్లాహ్ అన్నాను. "పేరు కాదు అబ్బూ, సౌండ్ వినండి" అన్నాడు. విన్నాను. మనవాళ్లూ గట్టిగానే కొడుతున్నారు. ఆ పేరున్న టీషర్టుతో మాత్రం మస్జిద్ వైపు రావద్దని చెప్పాను. జుమాకి దానిమీద కుర్తా తొడుక్కుని నాకంటే ముందే వెళ్లి సఫ్‌లో నిలబడ్డాడు.