మే నెలలో ఉండి చూడండి

విదేశాలలో ముప్ఫై నలభై ఏళ్ళు ఉద్యోగం చేసి రిటైరయిన మనవాళ్ళు డాక్టర్లను అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇక్కడి చలికి కీళ్ళు పట్టేస్తున్నాయండీ. మన ఊరు వెళ్ళిపోతే ఆరోగ్యం బాగుపడుతుందంటారా?" అని. ఇంగ్లండులో నా దగ్గరకు వచ్చే తెల్లవాళ్ళు ఇదే ప్రశ్నను వేరే రకంగా అడిగేవారు. వాళ్ళకు మన ఊరికి బదులు స్పెయిను.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం తేలిక అనుకునేదాన్ని, నా వంతు వచ్చేదాకా.

కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదువుకుని, 1981లో మావారితో ఇంగ్లండు వెళ్ళాను. లాంకషైరులో ఒక చిన్న ఊళ్ళో ఫ్యామిలీ డాక్టరుగా పనిచేసి 2016లో రిటైరయ్యాను. మావారు ఇంజనీరు. నాకంటే ముందే రిటైరయ్యారు. ఆయనకు ఒకసారి గుండెపోటు వచ్చి, గుండె కొంచెం బలహీనపడింది. ఒంట్లో నీరు చేరకుండా మూత్రం ఎక్కువగా పోయే మాత్ర ఒకటి, రక్తనాళాలను సడలించే మాత్ర ఒకటి వేసుకునేవారు.

అక్కడి చలి మంచిది కాదన్న మాట నిజమే. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తపోటు పెరుగుతుంది. రక్తం కాస్త చిక్కబడుతుంది. అందుకే చలిదేశాలలో గుండెపోట్లు, పక్షవాతాలు శీతకాలంలో ఎక్కువ. ఇంటి లోపల కనీసం 18 డిగ్రీల వెచ్చదనం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సలహా ఇచ్చింది. అక్టోబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా అక్కడి ఎండ చర్మంలో డి విటమిను తయారు కావడానికి చాలదు. మనలాంటి చామనచాయ వాళ్ళు ఏడాది పొడుగునా రోజుకు పది మైక్రోగ్రాముల డి విటమిను తీసుకోవాలని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది.

వీటన్నిటినీ మించింది ఒంటరితనం. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికల్లా చీకటి పడుతుంది. మా ఇంటి తలుపు తట్టేది పోస్టుమాన్ ఒక్కడే. మావారు కిటికీ దగ్గర కూర్చుని, "ఇవాళ మనిషి మొహం చూశానా?" అని నవ్వుతూ అడిగేవారు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

2016లోనూ, 2017లోనూ నవంబరులో కాకినాడ వచ్చి ఫిబ్రవరి దాకా ఉన్నాం. స్వర్గంలా అనిపించింది. పొద్దున్నే నడక, సాయంత్రం అరుగుమీద కబుర్లు. మావారి రక్తపోటు తగ్గింది. మోకాళ్ళ పట్టు సడలింది. ఇక్కడొక మాట చెప్పాలి. వెచ్చదనానికి కీళ్ళ బిగువు తగ్గినట్టు అనిపిస్తుందే గాని, అరిగిన కీలు బాగుపడదు. ఆ సంగతి తెలిసి కూడా నేను, "ఇక ఇక్కడే ఉండిపోదాం" అన్నాను. రెండోసారి వచ్చినప్పుడు తిరిగి వెళ్ళలేదు. మా మామగారి ఇంటి మేడమీద కాపురం పెట్టాం.

2018 మే నెల. రోహిణి కార్తె. మా తీరంలో వేడి కంటే ఉక్క ప్రమాదం. గాలిలో తేమ ఎక్కువైతే చెమట పడుతుంది గాని ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. కారిపోతే నీరూ ఉప్పూ పోవడమే తప్ప లాభం లేదు. వయసు మీరిన కొద్దీ చెమట పట్టే శక్తీ తగ్గుతుంది, దాహమూ సరిగ్గా తెలియదు. ఒళ్ళు ఎండిపోతున్నా, "దాహం లేదు" అంటారు పెద్దవాళ్ళు.

మావారు నాలుగు రోజులుగా నీరసంగా ఉన్నారు. అన్నం సయించడం లేదు. వయసు, ఎండ అనుకున్నాను. అయిదో రోజు నాలుగుసార్లు విరేచనాలయ్యాయి. ఆ రాత్రి కూడా ఆయన మాత్రలు రెండూ నా చేత్తోనే ఇచ్చాను. తెల్లవారుజామున బాత్‌రూములో పడిపోయారు. నేను లేపబోతే నన్ను చూసి, "ఎవరమ్మా నువ్వు?" అన్నారు.

మేడమెట్ల మీద నుంచి ఆయనను దించడానికి తమ్ముడు, ఎదురింటి కుర్రాళ్ళు ఇద్దరు, 108 వాళ్ళు అందరూ కలిసి అవస్థ పడ్డారు. ఆసుపత్రిలో చూస్తే రక్తంలో సోడియం 118. ఉండవలసింది 135 నుంచి 145. మూత్రపిండాలు నీరసించాయి. రక్తపోటు పడిపోయింది. అయిదు రోజులు యమయాతన.

తప్పు నాది. ఇంగ్లండు చలిలో ఆయనకు సరిపోయిన మాత్ర మోతాదు మే నెల కాకినాడలో సరిపోదు. ఎండకు రక్తనాళాలు వాటంతటవే సడలుతాయి, నీరు చెమటగా పోతుంది. దానికి తోడు అదే పని చేసే మాత్రలు కూడా వేస్తే ఏమవుతుందో వైద్య విద్యార్థికి తెలుసు. విరేచనాలు, వాంతులు అవుతున్నప్పుడు ఈ మాత్రలు వేసే ముందు డాక్టరును అడగమని ఎన్ని వందలమందికి చెప్పానో! ఇంట్లో మనిషి దగ్గరకు వచ్చేసరికి డాక్టరును కాకుండా భార్యనైపోయాను. సొంతవాళ్ళకు సొంత వైద్యం చెయ్యకూడదని పెద్దలు అన్నది ఊరికే కాదు.

లీడ్సు నుంచి అబ్బాయి ఫోను చేసి, "అమ్మా, నాన్నగారిని తీసుకుని వచ్చేయ్. అక్కడ మీ ఇద్దరే ఎలా ఉంటారు?" అన్నాడు. నేనూ పెట్టె సర్దే ఆలోచనలోనే ఉన్నాను. మంచం మీద నుంచి మావారు అన్నారు: "నన్ను చంపబోయింది ఎండ కాదోయ్, నీ మాత్రలు. వాటిని మార్చు, ఊరు మార్చకు."

అప్పుడు నాకు నా పాత పేషెంటు ఒకావిడ గుర్తుకు వచ్చింది. దంపతులిద్దరూ ఇల్లు అమ్ముకుని స్పెయినులో సముద్రం ఒడ్డుకు వెళ్ళి స్థిరపడ్డారు. ఎండ, తోట, చవక బతుకు. ఆరేళ్ళకు భర్తకు పక్షవాతం వచ్చింది. "అక్కడి డాక్టర్లు మంచివాళ్ళే, వైద్యమూ మంచిదే. కాని ఆయనకు ఎక్కడ నొప్పిగా ఉందో చెప్పడానికి నా దగ్గర మాట లేదు" అని ఏడ్చింది తిరిగి వచ్చాక. భర్త అక్కడే పోయాడు. అమ్ముకున్న ఇల్లు మళ్ళీ కొనే శక్తి ఆవిడకు లేదు.

ఆ మాట ఎంత నిజమో మావారి మంచం దగ్గర తెలిసింది. నర్సమ్మ, "ఎలా ఉందండీ?" అంటే ఆయన, "కళ్ళు తిరుగుతున్నాయమ్మా, ఒళ్ళు తూలుతోంది, గుండెల్లో దడగా ఉంది" అన్నారు. మూడు మాటలు, మూడు లక్షణాలు. ముప్ఫై ఏడేళ్ళు ఇంగ్లీషులో బతికిన మనిషి ఇంగ్లండు ఆసుపత్రిలో వీటన్నిటికీ కలిపి, "బాగా లేదు" అని ఊరుకునేవారు. జబ్బు చేసినప్పుడు మనిషి తల్లిభాషలోకి వెళ్ళిపోతాడు. పక్షవాతమో, మతిమరుపో వచ్చినవాళ్ళలో కొందరికి తరువాత నేర్చుకున్న భాషే ముందు జారిపోతుంది. ఉండే ఊరు ఎంచుకునేటప్పుడు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

చివరకు మేము చేసిన ఏర్పాటు ఇది. మేడ దిగి, ఆసుపత్రికి పది నిమిషాల దూరంలో కింది వాటా తీసుకున్నాం. బాత్‌రూములో పట్టుకోవడానికి కమ్మీలు వేయించాం. మావారి వైద్యం ఇక్కడి గుండె డాక్టరుకు అప్పగించాను. ఏప్రిల్లో ఇంగ్లండు వెళ్ళి సెప్టెంబరులో రావాలనుకున్నాం. 2019లో అలాగే చేశాం.

2020 మార్చిలో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. తప్పించుకుందామనుకున్న మే నెల మళ్ళీ మా నెత్తిమీదికి వచ్చింది. ఈసారి సిద్ధంగా ఉన్నాను. ఎండలు ముదరక ముందే డాక్టరుగారు మాత్ర మోతాదు తగ్గించారు. రోజూ పొద్దున్న మూత్రానికి వెళ్ళివచ్చాక, కాఫీకి ముందు ఆయన బరువు చూసి కాలెండరు మీద రాశాను. గుండె బలహీనంగా ఉన్నవారికి ఇంతకు మించిన పరీక్ష లేదు. మూడు రోజులలో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు. అలాగే గబగబా తగ్గితే ఒళ్ళు ఎండిపోతున్నట్టు. రెండింటిలో ఏది జరిగినా డాక్టరుకు చెప్పాలి. కూర్చున్నప్పుడూ లేచి నుంచున్నప్పుడూ కూడా రక్తపోటు చూశాను. ఆ వేసవి గడిచిపోయింది. ఒక్క రోజు కూడా ఆయన నన్ను, "ఎవరమ్మా నువ్వు?" అనలేదు.

చలిదేశం ఎండకు ఆశ్రయం అన్న నమ్మకమూ 2022లో పోయింది. జూలై 19న ఇంగ్లండులో మొట్టమొదటిసారి 40 డిగ్రీలు దాటింది. మేము అప్పుడు అబ్బాయి ఇంట్లో ఉన్నాం. వేడిని లోపల దాచుకోవడానికి కట్టిన ఇల్లది. ఫ్యానైనా లేదు. తడి తువ్వాలుతో ఆయన ఒళ్ళు తుడుస్తూ కూర్చున్నాను. 2003లో యూరపు వడగాడ్పులకు డెబ్బై వేలమందికి పైగా పోయారని అంచనా. వారిలో వృద్ధులే ఎక్కువ. 2015లో మన రెండు రాష్ట్రాలలో ఏం జరిగిందో పాఠకులకు తెలుసు.

కనుక ఇలాంటి నిర్ణయం ముందున్నవారికి నా అనుభవం మీద నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, మంచి కాలంలో వచ్చి చూసి ఇల్లు కొనకండి. వెచ్చని దేశాన్ని మే నెలలో ఉండి చూడండి. చలిదేశంలో ఉండిపోదామనుకుంటే, కారు నడపలేని రోజున అక్కడి జనవరి ఎలా ఉంటుందో ఊహించండి. రెండు మూడు నెలలు అద్దెకు ఉండి చూశాకే పాత ఇల్లు అమ్మే మాట.

రెండోది, వచ్చిన వారంలోనే మీ మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని ఇక్కడి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ముఖ్యంగా రక్తపోటు, గుండె, మధుమేహం, మానసిక వ్యాధుల మందులు వాడేవాళ్ళు. ఒళ్ళు వేడికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. వేడికి ఇన్సులిన్ ఒంట్లోకి త్వరగా ఇంకి, చక్కెర పడిపోవచ్చు. ఎండలో పెట్టిన ఇన్సులిన్ పాడైపోతుంది కూడా. మజ్జిగ మంచిదే, కొబ్బరినీళ్ళూ మంచివే. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, కొన్ని రకాల రక్తపోటు మాత్రలు వాడేవాళ్ళు కొబ్బరినీళ్ళు అదే పనిగా తాగితే పొటాషియం పెరిగి గుండెకే ముప్పు. కోనసీమ పక్కనే ఉన్నాం కదా అని గెలలు దింపించకండి. ఎంత తాగవచ్చో డాక్టరును అడిగి తాగండి. నీళ్ళకూ ఉప్పుకూ కూడా ఇదే మాట.

మూడోది డబ్బు. బ్రిటిష్ ప్రభుత్వ పింఛను తీసుకునేవారు ఇండియాలో స్థిరపడితే ఏటా పెరగవలసిన పెంపుదల ఆగిపోతుంది. స్పెయినులోనైతే పెరుగుతుంది. అక్కడి ఉచిత వైద్యం అక్కడ కాపురం ఉన్నవారికే గాని, ఒకప్పుడు పన్ను కట్టామని రాదు. ఇండియాలో ఆరోగ్య బీమాకు 65 ఏళ్ళ హద్దు 2024లో తీసేశారు. కాని ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా ఆగమనవచ్చు. అందుకని బీమా తీసుకునేది జబ్బు చేశాక కాదు, రాగానే.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. ఆరు నెలలిక్కడ, ఆరు నెలలక్కడ అన్న ఏర్పాటు చాలా బాగుంటుంది. కాని అది కొన్నాళ్ళే సాగుతుంది. ఒక రోజున విమానం ఎక్కలేని స్థితి వస్తుంది. ఆ రోజున ఏ ఊళ్ళో ఉంటే, ఇక అదే మీ ఊరు. అర్ధరాత్రి పిలిస్తే పలికేది ఎవరు, ఆసుపత్రి ఎన్ని నిమిషాల దూరం, ఇద్దరిలో ఒకరు పోతే మిగిలినవారు ఆ ఇంట్లో ఒక్కరూ ఉండగలరా? ఈ మూడింటికీ భార్యాభర్తలిద్దరూ విడివిడిగా జవాబు రాసుకుని, అప్పుడు కలిసి చూసుకోండి. మా జవాబులు కలవలేదు. నేను మనవల పక్కన ఉండాలని రాశాను. ఆయన అరుగుమీద ఉండాలని రాశారు.

2023 నుంచి మావారు విమానం ఎక్కవద్దని డాక్టరుగారు చెప్పారు. మనవలను ఫోనులో చూస్తున్నాను. సెలవులకు వాళ్ళు వస్తే చూస్తాను. ఆ లోటు నాకు తీరేది కాదు. ఏ మాత్రా దానికి లేదు. కాని సాయంత్రం అయిదయ్యేసరికి అరుగుమీద నలుగురు చేరతారు. ఒక రోజు ఆయన బయటికి రాకపోతే, "ఏమ్మా, మాస్టారికి ఒంట్లో బాగా లేదా?" అని ఎదురింటివాళ్ళు వచ్చి అడుగుతారు. 2018లో నేను వయసు, ఎండ అనుకుని వదిలేసిన నాలుగు రోజులను వీళ్ళు వదలరు.

ఇవాళ పొద్దున్న ఆయన బరువు 61 కిలోల 400 గ్రాములు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేదు. కాలెండరు మీద రాసి, కాఫీ ఇచ్చాను.