ఊరి నుంచి పల్లెకు: ఒక అడ్రసు మార్పు



మా పల్లెలో కార్పొరేషన్ అంటే ఒకటే అర్థం: ఎస్సీ కార్పొరేషన్. గేదెల లోనైనా, ఆటో లోనైనా అక్కడి నుంచే రావాలి. దాన్ని 1974లో పెట్టారు. 2014లో రాష్ట్రం విడిపోయాక దాని ప్రధాన కార్యాలయం హైదరాబాదు నుంచి కృష్ణ ఒడ్డుకు వచ్చింది. ఆ సంగతి మా పల్లెలో ఎవరికీ పట్టలేదు. ఆఫీసు ఎక్కడున్నా మా పేర వచ్చే కాగితం ఊళ్ళో ఎవరో ఒకరి చేతిమీదుగానే మాదాకా వచ్చేది.

అందుకే మూడేళ్ళ కిందట ఒక రాత్రి మా పెద్దమ్మ ఫోన్ చేసి, "అమ్మాయ్, కార్పొరేషన్ అడ్రసు మార్చాలంటే ఏం జెయ్యాలే?" అని అడిగితే నాకు ముందు అర్థం కాలేదు. ఆమె అడిగింది ప్రభుత్వ కార్పొరేషన్ గురించి కాదు. తాను డైరెక్టరుగా ఉన్న కంపెనీ గురించి.

మాది కొత్తపట్నం దగ్గర ఊరు. పేరు రాయను. అక్కడి మనుషులు రేపు కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. ఇసుక నేలల్లో వేరుశనగ, కాస్త లోపలికి వస్తే మిరప. భూమి ఊరిది, కౌలు పల్లెది. కొన్నేళ్ళ కిందట అక్కడ ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టారు. ఇది సంఘం కాదు, కంపెనీల చట్టం కింద రిజిస్టరైన కంపెనీ. కనీసం 10 మంది ఉత్పత్తిదారులు, 5 గురు డైరెక్టర్లు ఉండాలి. వాటాలు ఎన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించింది దీని గురించే కదా. రాజకీయాల్లో మనిషికి ఒక ఓటు వస్తుంది, ఆర్థిక, సామాజిక జీవితంలో ఆ సమానత్వం రాదు అని. ఈ కంపెనీలో ఆర్థిక జీవితంలో కూడా మనిషికి ఒక ఓటు ఉంది, కనీసం కాగితం మీద.

సభ్యుల్లో సగానికి పైగా మావాళ్ళు. ఏడుగురు డైరెక్టర్లలో నలుగురు పల్లెవాళ్ళు, ముగ్గురు ఊరివాళ్ళు. రిజిస్టర్డ్ ఆఫీసు మాత్రం ఊళ్ళో ఒక పెద్ద రైతు ఇంటి ముందు గది. ఆయన చెడ్డవాడు కాదు. గది ఉచితంగా ఇచ్చాడు, ఫ్యాను కూడా ఆయనదే. మా పెద్దమ్మ తర్వాత అన్న మాట చెబుతాను: "అద్దె లేదన్నారు గానీ, ఆ గదికి మేం కట్టినంత అద్దె ఒంగోల్లో గూడా ఎవరూ కట్టి ఉండరు."

ఆ అద్దె ఏమిటో చెప్పాలి. డైరెక్టరైన మా పెద్దమ్మ ఒకరోజు వేరుశనగ అమ్మకం లెక్క చూద్దామని ఆ ఇంటికి వెళ్ళింది. చెప్పులు గేటు బయట విడిచింది. అరుగు ఎక్కలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు. వేపచెట్టు కింద నిలబడితే లోపలి నుంచి, "పుస్తకం బీరువాలో ఉంది, తాళం ఆయన దగ్గరుంది, రేపు రా" అన్నారు. రేపు వెళ్ళింది. మరో రేపు వెళ్ళింది. నాలుగోసారికి మానేసింది.

చట్టం ప్రకారం డైరెక్టరు లెక్కల పుస్తకాలు పనివేళల్లో చూడొచ్చు. సభ్యుల రిజిస్టరు, సర్వసభ్య సమావేశాల మినిట్స్ ఏ సభ్యుడైనా చూడొచ్చు. ఇవి మామూలుగా ఉండాల్సింది రిజిస్టర్డ్ ఆఫీసులోనే. కాబట్టి అడ్రసు ఎవరిదైతే పుస్తకం వాళ్ళది. హక్కు ఉన్నా ఆ హక్కు ఒక అరుగు మీద ఉంది, ఆ అరుగు మేం ఎక్కలేనిది.

అసలు గొడవ ఉత్తరాలతో వచ్చింది. కంపెనీ ఏటేటా లెక్కలు, రిటర్ను దాఖలు చెయ్యాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు. ఆ విషయమై వచ్చిన నోటీసులు ఆ ఇంటి టీవీ స్టాండు సొరుగులో నెలల తరబడి పడి ఉన్నాయి. కావాలని దాచారని నేను అనను. వాళ్ళకు అవి తమ ఉత్తరాలు కావు, అంతే. రుసుము మాత్రం అందరి డబ్బులోంచి పోయింది, కౌలు రైతుల డబ్బులోంచి.

చట్టంలో సెక్షన్ 12 చదివితే మొదటి వాక్యమే ఇది: కంపెనీకి వచ్చే ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ అందుకోగలిగిన, అందాయని చెప్పగలిగిన ఆఫీసు ఉండాలి. రిజిస్టర్డ్ ఆఫీసు అంటే గది కాదు, ఉత్తరం అందుకోగలగడం. నేను క్లాసులో జాషువా 'గబ్బిలం' చెప్పేటప్పుడు పిల్లలు మేఘసందేశంతో పోలిక రాసుకుంటారు. 1941లో వచ్చిన ఆ కావ్యంలో ఒక అస్పృశ్యుడికి తన గోడు కాశీ విశ్వనాథుడికి చేర్చే మనిషి దొరకలేదు. గుడిలోకి అడ్డులేని గబ్బిలాన్ని బతిమాలుకున్నాడు. ఇన్నేళ్ళు పాఠం చెప్పినా నాకు తట్టనిది ఆ నోటీసులు చూశాక తట్టింది. మన కబురు అవతలికి చేరకపోవడం ఒక సగం. అవతలి కబురు మనకు చేరకపోవడం రెండో సగం.

ఇక అడ్రసు మార్పు సంగతి. విద్యార్థులు ఇది గుర్తుపెట్టుకోండి, ఎక్కడైనా పనికొస్తుంది.

కంపెనీ ఆఫీసు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారాలంటే పెద్ద తతంగం. ప్రత్యేక తీర్మానం కావాలి, అంటే అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు మూడు రెట్లకు తగ్గకూడదు. రీజనల్ డైరెక్టర్ అనుమతి కావాలి. అప్పులిచ్చినవాళ్ళకు నోటీసు, రాష్ట్ర ప్రధాన కార్యదర్శికి సమాచారం, ఇంగ్లీషు పత్రికలో ఒకటి, ఆ జిల్లా భాషా పత్రికలో ఒకటి ప్రకటనలు. మారుతున్నామనే సాకుతో ఏ ఉద్యోగినీ తీసెయ్యబోమని ప్రమాణం కూడా చెయ్యాలి. రాష్ట్రంలోనే ఒక పట్నం నుంచి ఇంకో పట్నానికైతే ప్రత్యేక తీర్మానం ఉండాలి. అదే ఊళ్ళో మారితే మాత్రం డైరెక్టర్ల బోర్డు తీర్మానం చాలు. తర్వాత 30 రోజుల్లోగా ఐఎన్‌సీ-22 అనే ఫారం పంపాలి.

మాది ఈ చివరి రకం. ఊరి పొలిమేర దాటడం లేదు. ఒక బజారు, ఒక మురుగు కాలవ దాటితే పల్లె. చట్టం కళ్ళకు ఊరూ పల్లే ఒకటే గ్రామం. నలుగురు చేతులెత్తితే అయిపోయే పని.

ఆ నాలుగు చేతులు లేవడానికి మూడేళ్ళు పట్టింది.

ఎందుకని అడుగుతారు. ఆ నలుగురిలో మా బాబాయి ఒకడు. ఆయన కౌలు చేసేది ఆఫీసు గది ఇచ్చిన రైతు పొలమే. "నేను చెయ్యెత్తితే వచ్చే ఏడు నా కౌలు ఏమైద్ది? నువ్వు ఇస్తావా పొలం?" అన్నాడు నన్ను. నా దగ్గర జవాబు లేదు. ఇంకొక అన్నయ్యది వేరే భయం: "పల్లె అడ్రసు చూసి బ్యాంకోడు అప్పిస్తాడా? మిరపకాయల వ్యాపారి లోపలికొస్తాడా? మనకి పౌరుషం, సరుకుకి నష్టం." ఇది పిరికితనం అని తేల్చెయ్యకండి. అడ్రసు చూసి ధర కట్టే సమాజంలో ఆ భయం లెక్క తప్పు కాదు.

నేను వాళ్ళకు కారంచేడు గురించి మాట్లాడబోయాను. బాబాయి ఆపాడు. "నాకు చెప్తన్నావా? అప్పుడు నేను చీరాల్లో ఉన్నా" అన్నాడు. 1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపాక, బతికినవాళ్ళు చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. తిరిగి ఆ ఊరు వెళ్ళబోమన్నారు. చీరాలలోనే విజయనగర్ కాలనీ వాళ్ళ ఊరయ్యింది. దళిత మహాసభ పుట్టింది ఆ పోరాటంలోనే. ఒక పల్లె మొత్తం అడ్రసు మారింది. దానికి తీర్మానం లేదు, ఫారం లేదు, పత్రికలో ప్రకటన లేదు. మా బాబాయి అప్పుడు కుర్రాడు, ఆ శిబిరంలో వంటకు నీళ్ళు మోశాడంట. నాకు ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

చుండూరువాళ్ళు ఇంకో పని చేశారు. 1991 ఆగస్టు 6న 8 మందిని చంపితే, కోర్టునే తమ ఊరికి రప్పించుకున్నారు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. న్యాయం నిలవకపోయినా, సాక్షి కోర్టు దగ్గరికి కాదు, కోర్టే సాక్షి దగ్గరికి రావాలన్న మాట నిలిచింది. బాబాయితో చివరికి ఇదే అన్నాను. "మనం ఎవర్నీ తరమడం లేదు బాబాయ్. ఊరివాళ్ళు కూడా సభ్యులే, రమ్మందాం. పుస్తకం చూడ్డానికి ఈసారి వాళ్ళు మన దగ్గరికి వస్తారు." ఆయన ఏమీ అనలేదు.

పోయిన సంక్రాంతి తర్వాత జరిగిన బోర్డు మీటింగులో ఆయన చెయ్యెత్తాడు. ఊరి డైరెక్టర్లలో ఒకాయన కూడా ఎత్తాడు. ఎందుకో నేను అడగలేదు. ఆలస్య రుసుము ఆయన డబ్బులోంచి కూడా పోయింది మరి.

కాగితాల దగ్గర మళ్ళీ కష్టాలు. కొత్త ఆఫీసు మా పెద్దమ్మ ఇంటి ముందు గది. ఇంటి యజమాని ఒప్పుకోలు పత్రం, యాజమాన్యానికి రుజువు, రెండు నెలలకు మించి పాతది కాని కరెంటు బిల్లు కావాలి. స్థలం పట్టా పెద్దమ్మ పేర ఉంది. కరెంటు మీటరు పెదనాన్న పేర ఉంది, ఆయన పోయి 9 ఏళ్ళు. మీటరు పేరు మార్పించడానికే నెలన్నర. తర్వాత ఫారం మీద డిజిటల్ సంతకం. "పెద్దమ్మా, నీకు డీఎస్‌సీ చేయించాలి" అంటే ఆమె ఉలిక్కిపడింది. "ఈ వయసులో నాచేత టీచరు పరీక్ష రాయిస్తావంటే?" వేలిముద్ర మనిషి ఇప్పుడు చిన్న పెన్‌డ్రైవు లాంటి దాంతో సంతకం పెడుతుంది.

ఆఫీసు ఫోటోలు కూడా పంపాలి. బయటి నుంచి ఒకటి, లోపల డైరెక్టరు కనిపించేలా ఒకటి. పెద్దమ్మ పండగ చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. వెనక గోడ మీద బాబాసాహెబ్ పటం. ఎదుట బల్ల మీద లెక్కల పుస్తకం.

ఇక బోర్డు. ఆఫీసు బయట కంపెనీ పేరు, అడ్రసు అందరికీ కనిపించేలా రాయాలి. ఆ ప్రాంతంలో వాడే భాష అక్షరాల్లో కూడా ఉండి తీరాలి. తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని, కంపెనీల చట్టంలో తెలుగుకు చోటు చూసి సంతోషపడ్డాను. పెయింటరు బ్రష్ పట్టుకుని అడిగాడు, "అడ్రసులో ఏం రాయమంటారక్కా? ఎస్సీ కాలనీ అనా, నగర్ అనా, పల్లె అనా?"

ఆ ప్రశ్నకు నేను చప్పున జవాబు చెప్పలేకపోయాను. నా సంగతి నాకు గుర్తొచ్చింది. ఒంగోల్లో అద్దెకు ఇల్లు వెతికేటప్పుడు ఓనరమ్మ, "మీదే ఊరు?" అంది. కొత్తపట్నం వైపు అన్నాను. "అక్కడ ఎక్కడ?" అంది. "బీచ్ దగ్గర" అన్నాను. మా పల్లె నుంచి సముద్రం కనపడదు. మాలపల్లె పేరు 1922లోనే ఉన్నవ నవల అట్టమీదికి ఎక్కిందని నేను ఏటా చెబుతాను, పరీక్షలో అడుగుతాను. నా ఆధార్ కార్డు మీద మాత్రం అపార్ట్‌మెంటు పేరే ఉంది. పల్లె అడ్రసు పెడితే ఎవరొస్తారన్న అన్నయ్య భయాన్ని మీటింగులో కాదన్నది నేనే. ఆ భయంతో ఇల్లు సంపాదించుకున్నది కూడా నేనే.

పెద్దమ్మ లోపల్నుంచి కేకేసింది. "పట్టాలో ఎట్టా ఉంటే అట్టా రాయి. ఫారంలో ఒకటీ గోడ మీద ఒకటీ అయితే మళ్ళీ రోజుకు వంద కట్టాల."

పట్టాలో ఉన్నట్టే రాశాడు. పల్లె అనే రాశాడు.

మొన్న మొదటి ఉత్తరం వచ్చింది. పోస్టుమాన్ ఊళ్ళో టీ కొట్టు దగ్గర నిలబడి ఫోన్ చేశాడు, వచ్చి తీసుకుపొమ్మని. పెద్దమ్మ, "కంపెనీ ఆఫీసు ఇక్కడుంది నాయనా, ఉత్తరం ఆఫీసుకే రావాల" అందంట. పావుగంటకు సైకిల్ మోటారు చప్పుడు వినపడింది. గది ఇచ్చిన పెద్ద రైతు మాత్రం లెక్కలు చూడ్డానికి ఇంకా రాలేదు. మనిషిని పంపాడు. బాబాయి వచ్చే ఏడు కౌలు సంగతి ఇంకా తేలలేదు. అది తేలేదాకా ఇది గెలుపని నేను రాయను.

మీకొక పని చెబుతాను. మీ ఊళ్ళో రైతుల పేర, మహిళల పేర, ఎస్సీల పేర ఉన్న కంపెనీ ఏదైనా ఉంటే, కంపెనీ వ్యవహారాల శాఖ సైట్‌లో దాని రిజిస్టర్డ్ అడ్రసు చూడండి. డబ్బు కట్టక్కర్లేదు. ఆ అడ్రసు ఎవరి ఇల్లో కనుక్కోండి. ఒకసారి ఆ గుమ్మం దాకా నడిచి, సభ్యుల రిజిస్టరు చూపించమని సభ్యుల చేత అడిగించండి. ఎక్కడ నిలబెడతారో చూడండి.

నేను కూడా రేపు మా ఓనరమ్మకు మా ఊరి అడ్రసు పూర్తిగా చెప్పాలనుకుంటున్నాను.

జై భీమ్.