మెట్ల కింద బ్యాటరీ

బియ్యం డబ్బా కాస్త ఎత్తి చూస్తే చాలు, ఇంకెన్ని రోజులకి వస్తాయో చెప్పేస్తాం. గ్యాస్ బండ ఎప్పుడు పెట్టామో క్యాలెండర్ మీద రాసుకుంటాం. మిక్సీ శబ్దంలో తేడా వస్తే ముందు మన చెవికే తెలుస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది ఆయన చూసుకుంటారు" అనేస్తాం. ఆయనేమో "బాగానే పనిచేస్తోందిగా" అంటారు. అలా ఎవరిదీ కాకుండా మెట్ల కిందో, వరండా మూలో, నెత్తిన పాత పేపర్ల కట్ట పెట్టుకుని పడి ఉంటుంది పాపం. కరెంటు పోయి, ఫ్యాను ఆగి, "కుయ్ కుయ్" మని అరిచినప్పుడే అందరికీ గుర్తొస్తుంది.

మా ఇంట్లో దాన్ని అలా వదిలేసే వీలు లేకుండా పోయింది. కారణం మా అత్తయ్య ఊపిరితిత్తులు.

అత్తయ్య ముప్ఫై ఏళ్ళకి పైగా కట్టెల పొయ్యి మీదే వండారు. కట్టెలు, పిడకలు, వానాకాలంలో పచ్చి పుల్లలు. వంటింటికి ఒక్కటే చిన్న కిటికీ. గ్యాస్ వచ్చేనాటికే ఆ పొగంతా లోపలికి చేరిపోయింది. జీవితంలో ఒక్క బీడీ ముట్టని మనిషికి, పొగతాగేవాళ్ళకి వచ్చే సీవోపీడీ ఎలా వచ్చిందని మేం ఆశ్చర్యపోతుంటే, "పల్లెటూళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళలో ఇది మామూలేనమ్మా" అన్నారు డాక్టరుగారు. రోజుకి కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టాలన్నారు, నిమిషానికి 2 లీటర్ల చొప్పున. అలా మా ఇంటికి ఆక్సిజన్ కాన్సంట్రేటర్ వచ్చింది. అది గాలిలోంచే ఆక్సిజన్‌ని వేరుచేసి ఇస్తుంది. కానీ కరెంటు ఉండాలి.

మిషన్ తెచ్చి బిగించిన అబ్బాయిని నేనడిగిన మొదటి ప్రశ్న, "కరెంటు పోతే?" అని. "ఇన్వర్టర్ ఉందిగా మేడమ్" అన్నాడు. ఉంది. అయిదున్నరేళ్ళ కిందట కొన్నది. మరి ఎంతసేపు నడుపుతుంది? ఆ మాటకి అతని దగ్గర జవాబు లేదు, మావారి దగ్గరా లేదు. తెలుగు బీఏ చదివిన నాకు మాత్రం ఎక్కడ తెలుస్తుంది? అయినా పక్క గదిలో అత్తయ్య ఊపిరి వినబడుతుంటే ఊరుకోలేం కదా. తెలుసుకోవడం మొదలుపెట్టాను.

లెక్క కష్టమేమీ కాదు, పాలవాడి లెక్కంతే. బ్యాటరీ మీద 150 ఏహెచ్, 12 వోల్టులు అని రాసి ఉంటుంది. రెండూ హెచ్చవేస్తే 1800. కాగితం మీద అది 1800 వాట్లని ఒక గంట ఇవ్వాలి. కానీ అడుగంటా ఊడ్చేస్తే బ్యాటరీ త్వరగా పాడవుతుంది, ఇన్వర్టర్ కూడా కొంత వేడి రూపంలో తినేస్తుంది. అవన్నీ పోను 1100 చేతికొస్తుందనుకోవాలి. పైగా ఆ 150 అనే అంకె, 20 గంటల పాటు నిదానంగా వాడుకుంటే వచ్చే లెక్క. ఒక్కసారిగా ఎక్కువ లాగితే ఇంకా తగ్గుతుంది. మా ఆక్సిజన్ మిషన్‌కి 350 వాట్లు, పాత ఫ్యానుకి 70, లైట్లకి 20. అంతా కలిపి 440. అంటే కొత్త బ్యాటరీ అయినా రెండు, రెండుంబావు గంటలే. మాది అయిదున్నరేళ్ళ పాతది.

లెక్క సరే, నిజం తేలాలి కదా. ఒకరోజు మధ్యాహ్నం అత్తయ్య మిషన్ తీసేసి హాల్లో కూర్చునే వేళ చూసి, మెయిన్ ఆపేసి, మిషన్ ఊరికే నడిపాను. గడియారం చూస్తూ కూర్చున్నాను. 38 నిమిషాలకి ఇన్వర్టర్ అరిచి ఆగిపోయింది. మా వీధిలో ఎండాకాలం ఈదురుగాలికి ఒక కొమ్మ విరిగి తీగల మీద పడితే, లైన్‌మన్ వచ్చి సరిచేసేసరికి గంటన్నర. ఆ సాయంత్రమే ఒక ఆక్సిజన్ సిలిండర్ తెప్పించి అత్తయ్య మంచం పక్కన పెట్టించాం. బ్యాటరీ ఎంత మంచిదైనా ఆ సిలిండర్ ఉండాల్సిందే. ఇంట్లో ఇలాంటి రోగి ఉన్నవాళ్ళు ఈ ఒక్క మాట మరిచిపోవద్దు.

బ్యాటరీలో ఏముంటుందో కూడా తెలుసుకున్నాను. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే అనే ఆయన కనిపెట్టిన పద్ధతే ఇప్పటికీ. సీసం పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం, నీళ్ళు. లోపల ఆరు అరలు, ఒక్కో అరకి 2 వోల్టులు, అందుకే 12. పైన కనబడే ఆరు మూతలు ఆ ఆరు అరలవే. చార్జింగ్ అయ్యేటప్పుడు నీళ్ళు కొద్దికొద్దిగా హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోయి బయటికి పోతాయి. ఆమ్లం పోదు. చారు మరిగేకొద్దీ నీళ్ళు తగ్గి ఉప్పు మిగిలినట్టన్నమాట. అందుకే నీళ్ళు మాత్రమే పోయాలి, ఆమ్లం పోయకూడదు. నీళ్ళు తగ్గి పలకలు గాలికి తేలితే అవి పాడైపోతాయి.

ఆ నీళ్ళు డిస్టిల్డ్ వాటరే అయ్యుండాలి. "మా ఇంట్లో ఆర్వో నీళ్ళే పోస్తాం వదినా, బాగానే ఉంది" అంది పక్కింటి పద్మ. తాగడానికి మంచివే, కానీ వాటిలోనూ కొన్ని లవణాలు మిగిలే ఉంటాయి. కుక్కర్ అడుగున తెల్లటి పొర కడుతుంది చూడండి, అలాంటివి పలకలకి పడవు. డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఏ బ్యాటరీ కొట్లోనైనా దొరుకుతుంది. ఖరీదు కూడా తక్కువే.

నెలకోసారి నేను చేసే పని ఇది. ముందు చేతుల గాజులు, మెడలో గొలుసు తీసి పక్కన పెడతాను. ఇది ఆడవాళ్ళం మనం ముఖ్యంగా గుర్తుపెట్టుకోవాలి. బంగారు గాజు రెండు టెర్మినల్స్‌కీ ఒకేసారి తగిలిందంటే షార్ట్ అయి క్షణంలో ఎర్రగా కాలుతుంది. పాత నైటీ, చేతులకి రబ్బరు తొడుగులు, కళ్ళకి అద్దాలు. ఒక్క ఆమ్లం చుక్క పడితే చాలు, నూలు చీర ఆ ఉతుక్కి కాకపోతే వచ్చే ఉతుక్కి చిల్లిపడుతుంది. ఇన్వర్టర్ స్విచ్ ఆపి, ప్లగ్ తీసేస్తాను. మూతల మీది గుర్తులు చూసి, ఎర్రగీతకి దిగిన చోట పచ్చగీత దాకా నీళ్ళు పోస్తాను. అంతకు మించి పోస్తే చార్జింగ్‌లో పొంగి నేల పాడవుతుంది.

టెర్మినల్స్ దగ్గర తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే, వంట సోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళలో పాత బ్రష్షు ముంచి రుద్దుతాను. సోడా నీళ్ళు మాత్రం మూతల్లోంచి లోపలికి దిగకూడదు, ఆమ్లాన్ని విరిచేస్తాయి. తుడిచి ఆరాక కాస్త పెట్రోలియం జెల్లీ రాస్తే మళ్ళీ త్వరగా పట్టదు. మొత్తం పావుగంట పని.

ఇంకో మాట. చార్జింగ్‌లో వచ్చే ఆ హైడ్రోజన్‌కి నిప్పంటే మహా తొందర. బ్యాటరీని దేవుడి గూటి పక్కన పెట్టి, పైన దీపం, అగరొత్తులు వెలిగించే ఇళ్ళు నేను చూశాను. దయచేసి వద్దు. గాలి ఆడే చోట, ఎండ తగలని చోట పెట్టండి. వేడికి బ్యాటరీ ఆయుష్షు బాగా తగ్గుతుంది. మాది పడమటి వరండాలోంచి మెట్ల కిందికి మార్చింది అందుకే.

ఇంత చేసినా ప్రతి బ్యాటరీకీ ముసలితనం వస్తుంది. మాదానికి వచ్చిందో లేదో తేల్చడానికి హైడ్రోమీటర్ కొన్నాను. రబ్బరు బుడ్డి ఉన్న గాజు గొట్టం అది. బాగా చార్జయ్యాక ఒక్కో అరలోంచి కాస్త ద్రవం పీల్చి చూస్తే, లోపల తేలే కడ్డీ మీద అంకె కనిపిస్తుంది. మా బ్యాటరీ రకానికి 1240 దగ్గర ఉండాలి. అయిదు అరల్లో 1220, 1225 అలా ఉంది. నాలుగో అరలో 1150. పల్లకీ మోసేవాళ్ళలో ఒకరి భుజం దిగిపోయినట్టు, ఆ ఒక్క అర మిగతా అయిదింటినీ కిందికి లాగేస్తోంది. ఇక మార్చాల్సిందే అని తేలిపోయింది.

కొట్టుకి నేనే వెళ్ళాను. నేనింకా నోరు విప్పకముందే "సార్ రాలేదా మేడమ్? సార్‌కి ఫోన్ చేయండి, నేను మాట్లాడతాను" అన్నాడు కొట్టతను. "మాట్లాడేది నేనే, చెప్పండి" అన్నాను. 220 ఏహెచ్‌వి రెండు, దానికి తగ్గ పెద్ద ఇన్వర్టర్ తీసుకోమన్నాడు. నా దగ్గర కాగితం ఉంది. అత్తయ్య గదిలో పాత ఫ్యాను తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెట్టించాం. హాల్లో ఫ్యాన్లు ఇన్వర్టర్ లైను నుంచి తప్పించాం. ఇప్పుడు లోడు 400. దానికి 200 ఏహెచ్ ట్యూబులర్ ఒకటి చాలు. "మా ఇన్వర్టర్ ఎన్ని ఆంపియర్లతో చార్జ్ చేస్తుందో చూసి చెప్పండి, 200కి 20 దాకా కావాలి కదా" అన్నాక అతను కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

తయారైన నెల అడిగాను. కొట్లో నెలల తరబడి చార్జింగ్ లేకుండా పడున్నది కొత్తదైనా సగం పాతదే. వారంటీలో పూర్తిగా కొత్తది ఇచ్చేది ఎన్ని నెలలు, తర్వాత ధరలో తగ్గించి ఇచ్చేది ఎన్ని నెలలు అని విడివిడిగా అడిగి, కార్డు మీద తేదీ, ముద్ర వేయించుకున్నాను. పాతది ఇచ్చేసి ఆ డబ్బు ధరలో తగ్గించుకున్నాం. సీసం మళ్ళీ పనికొస్తుంది కాబట్టి దానికి విలువుంటుంది. బండి మీద పాతసామాన్లు కొనేవాళ్ళకి వేయకండి. వాళ్ళు ఆమ్లాన్ని మురిక్కాలవలో ఒంపేస్తే అది మన నేలలోకే దిగుతుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదారులదే.

ఈ సంగతులన్నీ వీడియో కాల్‌లో చెబుతుంటే మా మరిది నవ్వాడు. "వదినా, నాదీ అదే గోల" అన్నాడు. వాళ్ళు అమెరికాలో ఒక పాత మోటర్‌హోమ్ కొన్నారు, ఇల్లంతా చక్రాల మీదే. అందులో ఇంజను స్టార్ట్ చేయడానికి ఒక బ్యాటరీ, లైట్లకీ నీళ్ళ పంపుకీ వేరే బ్యాటరీలు. వాటిని "ఇంటి బ్యాటరీలు" అనే అంటారట. కారు బ్యాటరీ ఒక్క క్షణం బలమంతా ఇచ్చి ఊరుకునేది, ఇంటి బ్యాటరీ గంటల తరబడి నిదానంగా ఇచ్చేది. ఒకదాని పని రెండోది చేయలేదు. చవకగా వస్తుందని కారు బ్యాటరీని ఇన్వర్టర్‌కి తగిలించకూడదనేది అందుకే. వాడివి 6 వోల్టులవి రెండు జతగా ఉన్నాయి. ఒకటి పోయినా రెండూ కలిపి మార్చాలన్నారట, పాతది కొత్తదాన్ని కూడా కుంగదీస్తుందని. నీళ్ళు పోసే పని లేకుండా, బరువు తక్కువని వాడు లిథియం వేయించుకున్నాడు. అవి ఖరీదెక్కువ, చార్జరు కూడా వాటికి సరిపడేది ఉండాలి. మనం అడిగి తెలుసుకుని కొనుక్కోవాలి.

కొత్త బ్యాటరీ పెట్టాక మళ్ళీ అలాగే మిషన్ ఊరికే నడిపి చూశాను. 2 గంటల 40 నిమిషాలు. ఆ అంకెని తేదీతో సహా పుస్తకంలో రాసి పెట్టాను. ఆరు నెలలకోసారి చూస్తే ఎంత తగ్గుతోందో తెలుస్తుంది.

మే నెలలో ఒక రాత్రి గాలివాన. ఒంటిగంటకి పోయిన కరెంటు మూడు దాటాక గానీ రాలేదు. నేను లేచి కూర్చున్నాను. సిలిండర్ పక్కనే ఉంది, దాని తాళంచెవి నా కొంగున ఉంది. వాడే అవసరం రాలేదు. మిషన్ గురగురలాడుతూనే ఉంది, అత్తయ్య నిద్రపోతూనే ఉన్నారు.

పొద్దున చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదావిడ. "మా రోజుల్లో రాత్రి పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పి పడుకునేదాన్ని. తెల్లారి ఊదితే రాజుకునేది. అది ఆరిపోతే పక్కింటికి వెళ్ళి నిప్పు అడగాలి, నామోషీగా ఉండేది" అన్నారు. తర్వాత మెట్ల వైపు చూసి, "నువ్వు దాన్ని అలా చూసుకుంటున్నావు" అన్నారు.

ఇప్పుడు నెల మొదటి ఆదివారం మావారు కూడా వచ్చి మూతలు తీస్తున్నారు. మా అమ్మాయి హైడ్రోమీటర్ అంకెలు చదివి పుస్తకంలో రాస్తోంది. నేను ఊరెళ్ళినా ఆ పని ఆగకూడదని ఇద్దరికీ నేనే నేర్పాను.

మీ ఇంట్లో బ్యాటరీ కొని ఎన్నేళ్ళయింది? వారంటీ కార్డు ఎక్కడుందో తెలుసా? ఇవాళ వంటయ్యాక, ఆ పాత పేపర్లు పక్కకి తీసి ఒకసారి చూడండి. గాజులు మాత్రం తీసి పెట్టి మరీ వెళ్ళండి.