సముద్రము దాటి నేర్చినది

నరసరావుపేటనుండి ఇరువురు స్త్రీలు, మగతోడు లేక, వియత్నాము దేశమునకు పోవుటయా యని మా యింటి పెద్దలు విస్తుపోయిరి. పూర్వాచారము కాదనిరి. అయినను మేమును మా నెచ్చెలియు బయలుదేరి డానాంగు చేరితిమి.

హాన్ నది సముద్రమున కలియు నా పట్టణమున మమ్ము నిలిపినవి యిసుకతిన్నెలు కావు. 1919లో తెరచిన చామ్ శిల్పశాల. 1978లో డోంగ్ డువాంగ్ గ్రామమున దొరకిన బౌద్ధదేవి కంచు విగ్రహ మందున్నది. పూర్వము చంపారాజ్యమున నా సీమకు అమరావతి యని పేరట! చదివి పులకించితిమి.

శిల్పశాలలోని యువతి యొకతె, "మీ సీమలో నిట్టివి కలవా?" అని యడిగినది. నాగార్జునకొండ పేరు చెప్పితిమి. "ఎట్లుండును?" అనగా మాకు నోట మాట రాలేదు. మాచర్లకు పెండ్లిండ్లకై పలుమార్లు పోయియు, చేరువనున్న యా కొండను చూడనే లేదు.

తిరిగివచ్చిన వారముననే లాంచి యెక్కి పోయి చూచితిమి. మూడవ శతాబ్దిలో బోధిశ్రీ యను ఉపాసిక అచట సింహళ భిక్షువులకై చైత్యగృహము కట్టించినది. వారు కాశ్మీర, గాంధార, చీనాదేశములకు ధర్మము నందించిరని శాసనమున చెక్కించినది. పల్నాటి గడ్డపై నిలిచి యంత లోకమును తలచిన దొక స్త్రీ!

ఈ సంగతి యింట చెప్పితిమి. పెద్దలు మిన్నకుండిరి. మా యత్తగారు మాత్రము, "నన్నెప్పుడు తీసికొనిపోదువు?" అనిరి.

పూర్వాచారము పేర స్త్రీలను గడపలో నిలుపువారు, ఆ పూర్వమెంత పూర్వమో యొకసారి విచారింతురు గాక.