చలి పొద్దుల్లో చందూర్

నిజామాబాద్ పట్టణం నుండి వర్ని వైపు సాగే మార్గంలో చందూర్ ఉన్నది. ఒకప్పుడు వర్ని మండలంలో గ్రామంగా ఉండి, ఇటీవలి సంవత్సరాలలో తానే మండల కేంద్రమైనది. జనవరి మాసంలో తెల్లవారుజామున ఈ దారిన వెళ్ళేవారికి ఊరి కంటే ముందు మంచు ఎదురవుతుంది. నిజాంసాగర్ కాలువల నీరు పారే మాగాణి నేల గనుక, తేమ పొలాల మీదనే తెల్లగా నిలిచిపోతుంది. కాలువగట్టు మీద నడిచే మనిషి నడుము వరకు కనిపించడు. ఫజ్ర్ నమాజు ముగించుకుని మస్జిదు నుండి బయటికి వచ్చే పెద్దలు భుజాల చుట్టూ గొంగడి బిగించుకుని, మాట లేకుండా ఇళ్ళకు చేరుకుంటారు.

పరిసర గ్రామాల మక్తబ్‌లను చూసి రావడం ప్రతి శీతకాలంలో మాకు అప్పగించబడిన బాధ్యత. ఈ జనవరిలో మూడు రోజులు చందూర్ ప్రాంతంలో గడిపాము. అక్కడ మా ముందుకు వచ్చిన ప్రశ్న ఒక్కటే. ఫజ్ర్ తరువాత జరిగే మక్తబ్‌కు వచ్చే పిల్లల సంఖ్య సగానికి తగ్గింది. చలి తగ్గేవరకు మూసివేద్దామని కొందరు, మూసివేస్తే పిల్లలు మళ్ళీ రారని మరికొందరు పట్టుబట్టి ఉన్నారు. ఈ ప్రశ్న చందూర్‌ది మాత్రమే కాదు. చలి ఉన్న ప్రతి దేశంలోనూ బడి తలుపు దగ్గర ఇదే వాదన జరుగుతున్నది. అందుకే దీనిని మన పాఠకుల ముందు కొంత వివరంగా ఉంచదలిచాము.

మొదట ఈ నేలను గురించి నాలుగు మాటలు. మంజీరా నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. దాని రూపశిల్పి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూర్. ఆ నీరు వచ్చిన తరువాతనే ఇక్కడి మెట్ట నేల వరికి, చెరకుకు అలవాటుపడింది. కోస్తా జిల్లాల నుండి రైతులు వచ్చి స్థిరపడ్డ పల్లెలను నేటికీ ‘క్యాంపు’ అనే పిలుస్తారు. 1937లో బోధన్ వద్ద నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపించబడింది. దాని చుట్టూ వెలసిన ఊరికి శక్కర్‌నగర్ అని పేరు. రుద్రూరులో చెరకు, వరి పరిశోధనా స్థానం ఏర్పడింది. ఆ కాలంలో ఇక్కడ శీతకాలమంటే పని కాలం. రాత్రులు చల్లబడితే చెరకు ఎదుగుదల మందగించి, గడలో చక్కెర నిలువ పెరుగుతుంది. అందువల్లనే నరకడం, గానుగ ఆడడం చలి నెలల్లోనే సాగేవి. బెల్లం పొయ్యిల దగ్గర చెరకు పిప్పి మండుతూ ఉంటే, ఆ వెచ్చదనంలోనే పిల్లలు పాఠం వల్లె వేసుకునేవారని ఇక్కడి వృద్ధులు మాకు చెప్పారు. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తగ్గి వరి పెరిగింది. చలి మాత్రం అట్లాగే ఉన్నది, పొయ్యిలు లేవు.

దక్కను పీఠభూమి నడిమధ్యన ఉన్న ఈ ప్రాంతానికి సముద్రపు గాలి అందదు. శీతకాలంలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, మబ్బు దుప్పటి ఉండదు. పగలంతా నేల పుచ్చుకున్న వేడి రాత్రికి ఆకాశంలోకి వెళ్ళిపోతుంది. దానికి ఉత్తరపు పొడిగాలి తోడైతే, మధ్యాహ్నం చొక్కాతో తిరిగిన మనిషి తెల్లవారేసరికి వణుకుతాడు. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గాని అంతకు దిగువకు గాని చేరి, ఆ రోజుకు ఉండవలసిన దానికంటే నాలుగున్నర డిగ్రీలు తగ్గితే దానిని భారత వాతావరణ శాఖ శీతగాలిగా ప్రకటిస్తుంది. ఉత్తర తెలంగాణ జిల్లాలకు ఈ హెచ్చరిక కొత్తది కాదు.

అయితే పది డిగ్రీల చలి చలియేనా అని నవ్వే దేశాలు ఉన్నాయి. తూర్పు సైబీరియాలోని యాకుత్స్క్ నగరంలో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు 35 డిగ్రీలకు పైగా దిగువన ఉంటుంది. అక్కడ చిన్న తరగతుల పిల్లలకు సెలవు ఇవ్వాలంటే అది సుమారు 45 డిగ్రీల దిగువకు జారాలి. ఆ పిల్లలు మన పిల్లల కంటే ఉక్కు మనుషులు కారు. వారి ఇంటి గోడలు మందమైనవి, గదిలో వేడి నీటి గొట్టాలు ఉంటాయి, ఒంటిమీద బొచ్చు కోటు ఉంటుంది, బడి కూడా వెచ్చగా ఉంటుంది. చలి వారికి బడికి వెళ్ళే దారిలో మాత్రమే ఉంటుంది. చందూర్ పిల్లవాడికి చలి పడకలోనూ ఉన్నది, వుజూ నీటిలోనూ ఉన్నది, బడి గచ్చు మీదా ఉన్నది.

కాశ్మీరు సోదరులు చలికి లెక్క కట్టి పేర్లు పెట్టారు. డిసెంబరు 21 నుండి నలభై రోజులు చిల్లయి కలాన్, తరువాతి ఇరవై రోజులు చిల్లయి ఖుర్ద్, చివరి పది రోజులు చిల్లయి బచ్చా. వారి దుస్తుల్లో ఫిరన్, దాని లోపల నిప్పులు నింపిన కాంగ్డీ వందల ఏళ్ళ అనుభవం. వారు బడి సంవత్సరాన్ని కూడా చలికి అనుగుణంగానే మలచుకున్నారు. మనకు వేసవిలో వచ్చే దీర్ఘ సెలవులు వారికి డిసెంబరు నుండి ఫిబ్రవరి చివరి వరకు వస్తాయి. 2022లో అక్కడి విద్యా సంవత్సరాన్ని దేశమంతటితో సమానంగా మార్చి నెలకు మార్చారు. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కోరగా 2024లో తిరిగి నవంబరుకు తెచ్చారు. పరీక్షలు ముగించి నిశ్చింతగా సెలవులకు వెళ్ళడమే పిల్లలకు మేలని వారు భావించారు.

ఉత్తర భారత మైదానాలలో ఇంత ముందుచూపు కానరాదు. ఢిల్లీలో సాధారణంగా జనవరి తొలి పక్షం సెలవులు ఉంటాయి. ఉత్తరప్రదేశ్, బీహార్‌లలో చలి ముదిరిన రాత్రి జిల్లా అధికారి ఉత్తర్వు వెలువడుతుంది, మరునాడు బడి ఉండదు. 2024 జనవరిలో బీహార్‌లో ఇట్లాంటి మూసివేతలపై పెద్ద వివాదమే నడిచింది. సినిమాహాళ్ళు, ట్యూషన్ కేంద్రాలు తెరిచి ఉండగా బడులకు మాత్రమే చలి ఏమిటని విద్యాశాఖ ప్రశ్నించింది. పసిపిల్లల ఆరోగ్యం తమ బాధ్యత అని జిల్లా అధికారులు వాదించారు. రెండు మాటల్లోనూ నిజం ఉన్నది.

మన తెలుగు నేల మీద విశాఖ మన్యంలోని లంబసింగి ఉన్నది. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోనిది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరికి కొర్రబయలు అని మరొక పేరు. బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని దాని అర్థం. ఇప్పుడు పట్టణవాసులు ఆ చలిని చూడటానికి కార్లలో వెళ్తున్నారు. చలిని చూసివచ్చేవాడికి అది వినోదం. అక్కడే ఆశ్రమ పాఠశాలలో పడుకునే గిరిజన బాలుడికి దుప్పటి పలుచనిదా, మందమైనదా అన్నదే ప్రశ్న.

సంపన్న దేశమైతే చలి బాధించదని అనుకోవద్దు. మన తెలుగువారు వేల సంఖ్యలో నివసించే అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం వేడి ప్రదేశం. 2021 ఫిబ్రవరిలో అక్కడ మంచు తుఫాను వచ్చి, డాలస్‌లో ఉష్ణోగ్రత సున్నాకు 19 డిగ్రీల దిగువకు పడిపోయింది. విద్యుత్ వ్యవస్థ కూలి లక్షలాది ఇళ్ళు చీకటయ్యాయి, నీటి గొట్టాలు పగిలాయి, బడులు మూతపడ్డాయి. ఆ రాష్ట్రపు అధికారిక లెక్క ప్రకారమే 246 మంది మరణించారు. వారిలో కొందరిని చంపినది చలి కాదు, వెచ్చదనం కోసం మూసిన ఇంట్లో పెట్టుకున్న మంటల విషవాయువు. అలవాటు లేని చోట, సిద్ధపాటు లేని చోట, పేదకు గాని ధనికునికి గాని చలి ఒకే తీరున ప్రవేశిస్తుంది.

ఇక చందూర్ విషయానికి వద్దాము. తెలంగాణ బడులు చలికి మూతపడటం అరుదు. మన సెలవులు దసరాకు, సంక్రాంతికి, ఎండకు వస్తాయి. మార్చి మధ్య నుండి ఒంటిపూట బడులు ఎండ కోసమే. చలి మరీ ముదిరితే ఆదిలాబాద్ వంటి జిల్లాల్లో ఉదయపు వేళను కొంత వెనుకకు జరుపుతారు. ఇది మంచి పద్ధతి. ఎందుకంటే బడి మూసివేత అందరికీ ఒకేలా ఉండదు. ఇంట్లో రజాయి, వేడి పాలు ఉన్న పిల్లవాడికి అది విశ్రాంతి. చెరకు నరికే కూలీల గుడిసెలో, ఇటుక బట్టీ పక్కన ఉండే పిల్లవాడికి మూసిన బడి అంటే మధ్యాహ్నం ఒక పూట వేడి అన్నం పోవడం. గుడిసె కంటే బడి గది వెచ్చగా ఉంటుంది. పైగా ఖాళీగా ఉన్న పిల్లవాడి చేతికి పని వస్తుంది, పనికి అలవాటైన చేయి పలక పట్టడానికి తిరిగి రావడం కష్టం.

ఇషా నమాజు తరువాత మస్జిదు వరండాలో పెద్దలు కూర్చున్నారు. తల్లులు పక్క గదిలో నుండి తమ మాట చెప్పారు. ఒక తల్లి అన్నది: “మౌల్వీ సాబ్, మా వాడు రానని కాదు. ఉన్నది ఒక్క స్వెటర్. అక్క వేసుకుంటే తమ్ముడికి లేదు, తమ్ముడు వేసుకుంటే అక్కకు లేదు. పొద్దున ఎవరిని పంపమంటారు?” ఆ మాట తరువాత కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పటివరకు పిల్లల బద్ధకం గురించి, టీవీల గురించి, ఫోన్ల గురించి చర్చ సాగింది. రానివారిలో ఎంతమందికి బట్ట లేదో అప్పటికి ఎవరూ లెక్కించలేదు.

మన ధర్మం ఈ విషయంలో మనకు దారి చూపే ఉన్నది. చలిగాలి వీచే రాత్రి హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్ను ఉమర్ (రజియల్లాహు అన్హు) అజాన్ పలికి, ఆపై ప్రజలను తమ బసలలోనే నమాజు చేసుకొమ్మని ప్రకటించారు. చలి రాత్రుల్లో, వాన రాత్రుల్లో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఇట్లాగే ప్రకటింపజేసేవారని తెలిపారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉన్నది. ఇందులో రెండు విషయాలు గమనించదగినవి. ప్రజల మీద భారం తగ్గించబడింది. అయితే అజాన్ ఆగలేదు, నమాజూ ఆగలేదు, స్థలం మాత్రమే మారింది. చలి తీవ్రంగా ఉన్నప్పుడు నమాజును త్వరగానూ, ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు ఆలస్యంగానూ చేసేవారని మరొక ఉల్లేఖనం. రుతువును బట్టి వేళను సర్దుకోవడం సడలింపు కాదు, సున్నత్‌లోని వివేకం.

చందూర్ చుట్టుపక్కల రైతు చేసేదీ ఇదే. యాసంగి వరి నారు చలికి పసుపుబారుతుంది. రైతు రాత్రి నారుమడి మీద పాలిథీన్ పట్టా కప్పి, ఉదయం ఎండ రాగానే తీసివేస్తాడు. మడిలో చల్లబడిన నీటిని వదిలి, కొత్త నీరు పెడతాడు. చలి ఉన్నదని నారు పోయడం మానడు, నారు పోశానుగదా అని దానిని చలికి వదిలిపెట్టడు. ఈ మాట ఆ సభలో ఒక వృద్ధ రైతే చెప్పాడు. మా ఉపన్యాసం కంటే అదే అందరికీ పట్టింది.

ఆ రాత్రి నిర్ణయాలు ఇవి. ఫిబ్రవరి మొదటి వారం వరకు పదేళ్ళలోపు పిల్లలకు మక్తబ్ ఉదయం ఉండదు. అసర్ నుండి మగ్రిబ్ వరకు, ఎండపొడ ఉన్నప్పుడే జరుగుతుంది. పెద్ద పిల్లలు సూర్యోదయమైన తరువాత వస్తారు, ప్రభుత్వ బడికి వెళ్ళే వేళకు ముందే వదిలిపెడతారు. గచ్చు మీద చాప కింద వరిగడ్డి పరుస్తారు. వుజూ కోసం ఒక కాగు నీళ్ళు కాచే పని ఇద్దరు యువకులు తీసుకున్నారు. స్వెటర్ల లెక్క మస్జిదు కమిటీ కాక, ఇంటింటికీ తిరిగి ముగ్గురు స్త్రీలు రాయాలని నిశ్చయించారు. పేర్లు బయట చదవరు. బట్టలు పంచేటప్పుడు ఫొటోలు తీయరు. ఆ పట్టికలో బట్టీ గుడిసెల్లోని ముస్లిమేతర పిల్లలను కూడా చేర్చాలని స్త్రీలే పట్టుబట్టారు. చలి మతం అడగదని వారి వాదన, దానికి ఎవరూ బదులు చెప్పలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు ఒక హెచ్చరికను అన్ని ఇళ్ళలో చెప్పి వచ్చాము, ఇక్కడా చెబుతున్నాము. తలుపులు, కిటికీలు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోరాదు. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ఊపిరి తీసుకుపోతుంది. నిద్రించేటప్పుడు ఇంట్లో నిప్పును వదిలిపెట్టవద్దని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) పద్నాలుగు శతాబ్దాల క్రితమే ఆదేశించారు. నిప్పు బయట కాచుకోవాలి, లోపల దుప్పటి కప్పుకోవాలి. చంటి పిల్లలకు, వృద్ధులకు తల, చెవులు, పాదాలు కప్పి ఉంచాలి.

పాఠకులకు మా విన్నపం ఒక్కటే. వచ్చే శీతకాలానికి మన మహల్లాలో బట్టల లెక్క జనవరిలో కాక అక్టోబరులోనే తీయాలి. చలి వచ్చాక పంచే దుప్పటి ఒక నెల ఆలస్యంగా చేరుతుంది. బీరువాలో చిన్నబడిపోయిన స్వెటర్లు ఎన్ని ఉన్నాయో ప్రతి తల్లికీ తెలుసు. వాటిని ఉతికి, గుండీలు కుట్టి, ఇచ్చేవారి పేరు లేకుండా ఇవ్వాలి. మేము బయలుదేరే నాటి సాయంత్రం చందూర్ మక్తబ్‌లో చిన్న పిల్లలు అసర్ తరువాత గోడవార ఎండలో వరుసగా కూర్చుని ‘అలిఫ్, బా’ చదువుతున్నారు. వారిలో ఆ ఒక్క స్వెటర్ ఇంటి అక్కా తమ్ముళ్ళిద్దరూ ఉన్నారు. ఆ ఎండలో ఇద్దరికీ స్వెటర్ అవసరం లేకపోయింది.